బంతి పక్కన టమాటా, మందారానికి దూరంగా బెండ

ఆర్టీసీలో ముప్ఫై రెండేళ్ళు కండక్టరుగా చేసినవాడికి ఒక విద్య తప్పకుండా అబ్బుతుంది. ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూడగానే తెలిసిపోతుంది. చేపల బుట్ట తెచ్చిన మనిషికి పెళ్ళికి వెళ్ళే పట్టుచీరల పక్కన సీటు చూపించామంటే, అమలాపురంలో మొదలైన గొడవ రావులపాలెం వంతెన దాటినా తెగదు. పెరట్లో కూరలూ పూలూ కలిపి పెంచడం నాకు అచ్చం ఆ పనిలాగే ఉంటుంది. పూల మొక్కల్లో ఒళ్ళు వంచి పనిచేసేవి ఉంటాయి, ఊరికే కూర్చుని ప్రయాణం చేసేవి ఉంటాయి, పక్కవాడి జేబు కొట్టేవీ ఉంటాయి. ‘కూర మొక్కల మధ్య ఏదో ఒక పూల మొక్క వేయండి, పురుగు రాదు’ అని చాలామంది చెబుతుంటారు. ఏదో ఒకటి వేస్తే కుదరదు. నేను వేసి చూసినవాణ్ణే.

మాది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడు. అందులో పూర్వం పదకొండు కొబ్బరి చెట్లుండేవి, వాటి కింద గడ్డి కూడా సరిగా మొలిచేది కాదు. 1996 నవంబరు 6న వచ్చిన తుఫానుకు ఏడు చెట్లు పడిపోయాయి. తెల్లవారాక చూస్తే, మా పెళ్ళయిన తర్వాత మొదటిసారి, పెరటి నేల మీద ఎండ పడి ఉంది. మొదళ్ళు తవ్వి తీసిన గుంటల్లో మా ఆవిడ ఆనప గింజలు వేసింది. తోట అలా మొదలైంది. అప్పట్లో పూలు దాదాపు అన్నీ ముందు వాకిట్లో, కూరలన్నీ వెనక పెరట్లో ఉండేవి. అది మా అమ్మ గీసిన గీత. దేవుడికి పెట్టే పూలు అంట్లు తోమిన నీళ్ళు పారే చోట పెరగకూడదని ఆమె పట్టింపు. 2019లో నేను పదవీ విరమణ చేసి పెరట్లో దిగాక ఆ గీత మెల్లగా చెరిగింది. అంట్ల నీళ్ళు మాత్రం ఇప్పటికీ అరటి పాదుకే వెళతాయి, అమ్మ మాట అంతవరకు నిలబెట్టాం.

ఎండ లెక్క, నీటి లెక్క

విత్తనం కొనక ముందే ఎండ లెక్క కట్టండి. ఒక రోజంతా ఇంట్లో ఉండి, ఉదయం ఎనిమిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం నాలుగింటికి నీడ అంచు ఎక్కడుందో అక్కడ ఒక్కో ఇటుక ముక్క పెట్టండి. మూడు సార్లూ నీడ తగలని చోటే కాయ కాసే మొక్కలకు, బంతికి, చేమంతికి. మా నాలుగు సెంట్లలో అలాంటి చోటు తిప్పితిప్పి కొడితే రెండు సెంట్లు తేలింది.

ఈ పని డిసెంబరులో చేయాలి. నేను మొదట మే నెలలో చేసి మోసపోయాను. వేసవిలో సూర్యుడు నడినెత్తి మీద నడుస్తాడు. చలికాలంలో దక్షిణానికి వాలతాడు, అప్పుడు దక్షిణపు గట్టు మీది చెట్టు నీడ పెరడంతా పాకుతుంది. మన గోదావరి డెల్టాలో పెరటి తోట బాగా కాసేది చలికాలంలోనే కదా. అందుకే పందిరి, ములగ, పొడుగు బంతి లాంటివన్నీ ఉత్తరపు వైపు, పొట్టివి దక్షిణపు వైపు పెట్టుకోవాలి. మీ పెరట్లో కొబ్బరి ఉంటే దాని వయసూ చూసుకోండి. ఎనిమిదేళ్ళ నుంచి పాతికేళ్ళ దాకా దాని నీడ చిక్కగా ఉంటుంది, ఆ తర్వాత చెట్టు పైకి పోయి నీడ పలచబడుతుంది. తుఫాను తర్వాత మేం నాటిన మూడు చెట్లూ ఇప్పుడిప్పుడే పైకెళ్ళి కాస్త ఎండను వదులుతున్నాయి.

ఇక నేల. మాది ఒండ్రు, జిగట. మీది ఎలాంటిదో తెలియాలంటే తడి మట్టిని పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీయండి. రెండంగుళాలు తెగకుండా వచ్చిందంటే బాగా జిగట ఉన్నట్టు. దీనికి నాలుగు తట్టల ఇసుక కలిపితే గుల్లబారుతుందని నాకు ఒకాయన చెప్పాడు. కలిపాను. ఎండాక అది ఇటుకలా తయారై గునపం కూడా దిగలేదు. జిగట నేలకు కావలసింది మాగిన పశువుల ఎరువు, కుళ్ళిన ఆకు, మాగిన కొబ్బరి పొట్టు. పొట్టు పచ్చిది వేయకండి, అది కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్క ఆకులు పాలిపోతాయి. ఒక వానాకాలం గడిచేదాకా మూల కుప్ప పోసి తడవనిచ్చాకే వాడాలి.

మడి వెడల్పు మూడు అడుగులు మించకూడదు. రెండు పక్కల నుంచీ చేయి మధ్యకు అందాలి, కాలు లోపల పడకూడదు. ఎత్తు జానెడు. రెండు మళ్ళ మధ్య నీళ్ళు పోయేందుకు అడుగున్నర బోదె, ఆ బోదెలన్నీ పల్లానికి కలిసి బయటికి పోవాలి. మన దగ్గర తోట ఎండకు చచ్చేదానికన్నా నీళ్ళలో నాని చచ్చేదే ఎక్కువ. బంతి వేళ్ళు రెండు రోజులు నీళ్ళలో నానాయంటే మూడో రోజు మొక్క తల వేలాడేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం అన్న మాట రేడియోలో వినబడగానే నేను చేసే మొదటి పని, పార పట్టుకుని బోదెల్లో చెత్త తీయడం.

టమాటా, బంతి: తేదీల పని

టమాటా పురుగును బంతి తన వైపు లాక్కుంటుందని అందరికీ తెలుసు. ఎక్కువమంది తప్పు చేసేది తేదీల్లో. నా పుస్తకంలో రాసుకున్న లెక్క ఇది. బంతి విత్తనం సెప్టెంబరు 10న, అంటే పుబ్బ వెళ్ళి ఉత్తర కార్తె వచ్చే రోజుల్లో. టమాటా విత్తనం సెప్టెంబరు 25న. రెండింటి నారూ నాటేది అక్టోబరు 20న. అప్పటికి బంతి నారు వయసు నలభై రోజులు, టమాటా నారు వయసు ఇరవై అయిదు రోజులు. ఉద్యాన శాస్త్రవేత్తలు పొలాలకు చెప్పిన లెక్క ఇదే, నేను పెరటికి తెచ్చుకున్నాను.

ఆ పదిహేను రోజుల తేడా ఎందుకంటే, రెండూ ఒకేసారి పూతకు రావాలి. టమాటా కాయ తొలిచేది శనగపచ్చ పురుగు, దాని తల్లి రెక్కల పురుగు రాత్రిపూట గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటుంది. బంతి మొగ్గలు కనిపిస్తే వాటి మీద మోజు ఎక్కువ. బంతి ఇంకా ఆకు మీదే ఉంటే దానికి టమాటాయే దిక్కు. మొదటి ఏడాది నేను రెండు విత్తనాలూ ఒకే రోజు చల్లాను. బంతి ముచ్చటగా పూసే వేళకు టమాటాలన్నిటికీ చిల్లులు పడ్డాయి. బండి వెళ్ళిపోయాక స్టాండుకు వచ్చిన ప్రయాణికుడిలా ఆ బంతి నిలబడి నవ్వింది.

పొలంలో పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేస్తారు. పెరట్లో వరుసల లెక్క నడవదు. పన్నెండు అడుగుల మడిలో నేను పన్నెండు టమాటాలు నాటి, రెండు చివర్లా రెండేసి బంతి, ఉత్తరపు అంచు మధ్యలో ఒకటి పెడతాను. ఆ అయిదింటిలో రెండింటికి నాటిన నెలకు తల తుంచుతాను. తలలు తుంచనివి ముందుగా పూసి టమాటాకు కాపలా కాస్తాయి. తుంచినవి పక్క కొమ్మలు వేసి, ఆలస్యంగా, గుబురుగా పూస్తాయి, అవి సంక్రాంతి గొబ్బెమ్మలకు. మొదట్లో అన్నీ తుంచేసి కాపలా లేకుండా చేశాను, తర్వాత ఏదీ తుంచక గొబ్బెమ్మలకు పూలు కొనాల్సి వచ్చింది. ఈ సర్దుబాటు మా ఆవిడది.

ఇప్పుడు అసలు సంగతి. బంతి పురుగును రప్పిస్తుంది, చంపదు. పోయిన డిసెంబరులో ఒక పొద్దున ముద్ద బంతి పువ్వు ఒకటి పట్టుకు చూశాను. పై నుంచి నిండుగా ఉంది. ఒక పక్క మాత్రం రేకులు కొద్దిగా నలిగి, వాటి అడుగున ఆవగింజల్లాంటి నల్లటి పెంటికలు. రేకులు వేళ్ళతో విడదీస్తే లోపల అంగుళంలో సగం ఉండే ఆకుపచ్చ పురుగు, ఒంటి పక్కన తెల్లటి చార, ఉంగరంలా చుట్టుకుని పడుకుంది. గింజ కట్టే మెత్తటి భాగమంతా తినేసింది. ఇదే టమాటాలో అయితే తల కాయలోపల దూర్చి, సగం ఒళ్ళు బయట పెట్టుకుని తింటుంది. ఒక కాయ పూర్తిచేసే మర్యాద కూడా ఉండదు, సగం తిని పక్క కాయకు పోతుంది. బంతి పూలను రోజు విడిచి రోజు ఇలా విప్పి చూడకపోతే మనం పురుగులకు సత్రం కట్టించినట్టే. దొరికినదాన్ని సబ్బు నీళ్ళ డబ్బాలో వేసేయాలి. సెలవుల్లో మనవరాలు వచ్చినప్పుడు పురుగుకు రూపాయి చొప్పున మాట్లాడుకున్నాం. మొదటి రోజు పద్నాలుగు రూపాయలు తీసుకుంది. మూడో రోజు నాలుగే దొరికాయి. ‘తాతయ్యా, రేటు పెంచాలి’ అంది.

ఇంకొక మాట. ముద్ద బంతిలో రేకులు కిక్కిరిసి ఉండి తేనెటీగకు తేనె అందదు. దానికోసం రేక బంతి నాలుగు మొక్కలు విడిగా, తోట అంచున వేసుకోండి. చూపుకు పేదగా ఉంటుంది గానీ పొద్దున పదింటికి దాని మీద ఉండే రద్దీ సంక్రాంతి ముందురోజు రాజమండ్రి బస్టాండులో కూడా ఉండదు.

వంగ దగ్గర తుమ్మెద, బిళ్ళగన్నేరు

వంగ పువ్వు పుప్పొడిని గొట్టాల్లో దాచుకుంటుంది. కొసన చిన్న రంధ్రం ఉంటుంది, ఊపితేనే రాలుతుంది. ఉప్పు డబ్బా బోర్లించి తట్టినట్టు. మామూలు తేనెటీగకు ఆ విద్య రాదు. నల్లటి పెద్ద తుమ్మెద వచ్చి, పువ్వును కాళ్ళతో వాటేసుకుని, రెక్కలు కదపకుండా ఒళ్ళంతా గిర్రుమని అదిరిస్తుంది. దగ్గర నిలబడితే ఎగిరేటప్పటి చప్పుడు ఒకటి, పువ్వు పట్టుకున్నాక చప్పుడు ఇంకొకటి, తేడా చెవికి తెలుస్తుంది. అదిరించాక దాని పొట్ట మీద పసుపు చల్లినట్టు పుప్పొడి ఉంటుంది. ఈ తుమ్మెదలు ఎండు కర్రలో, వెదురులో తొర్ర చేసుకుని ఉంటాయి. మా పాత ములగ మోడును కొట్టేయమని అందరూ అంటున్నా నేను ఉంచింది వాటి కోసమే. వాటిని రప్పించడానికి వంగ మడి దగ్గరి కంచె మీదికి నీలం శంఖుపువ్వు తీగ ఎక్కించాను. చిక్కుడు కుటుంబం కాబట్టి నేలకూ మేలే.

వంగ మడి చివర ఒక వరుస కొత్తిమీర కోయకుండా వదిలేయండి. పూతకు వచ్చి తెల్లటి గొడుగులు విప్పుతుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, సన్న నడుం కందిరీగలు ఆ చిన్న పూల దగ్గరికి చేరతాయి. కొత్తిమీర పూతకు వస్తే తోట పాడుపడినట్టు భావించేవారు మా ఇంట్లో ఉన్నారు, ఏటా ఆ వరుసకు నేను కాపలా ఉండాలి. అయితే కొమ్మ, కాయ తొలిచే పురుగుకు పూలేవీ అడ్డు పడవు. వాడి వాలిన కొమ్మ చివర కనబడగానే రెండంగుళాలు కిందికి తుంచి, మూట కట్టి పారేయడం ఒక్కటే పెరటి వైద్యం. ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్ట కూడా కొంత పనిచేస్తుంది.

జేబుదొంగ ఎవరంటే బిళ్ళగన్నేరు. ఎండకు తట్టుకుంటుంది, ఏడాదంతా పూస్తుంది, నీళ్ళు అడగదు. అంత మంచిది కదా అని వంగ మడి చుట్టూ అంచు కట్టాను. మూడు నెలలకు దాని పూలు కొన్ని గులాబి రంగు పోయి ఆకుల్లా పచ్చగా వచ్చాయి, విచిత్రంగా ఉన్నాయని ఫొటోలు కూడా తీశాను. ఆ తర్వాత వంగ మొక్కలు చిట్టి చిట్టి ఆకులు గుత్తుగా వేసి చీపురుకట్టల్లా నిలబడ్డాయి. పూత లేదు, కాయ లేదు. అది వెర్రి తెగులు. వంగకూ బిళ్ళగన్నేరుకూ ఉమ్మడిగా వచ్చే జబ్బు, చిన్న ఆకుదోమ ఒకదాని రసం పీల్చి రెండోదానికి అంటిస్తుంది. దానికి మందు లేదు, పీకి తగలబెట్టడమే. బిళ్ళగన్నేరు కావాలంటే వాకిట్లో, వంగకు ఎంత దూరమైతే అంత దూరంగా పెట్టుకోండి.

మా ఇంట్లో మందారం గొడవ

బెండ, గోంగూర, మందారం మూడూ ఒక కుటుంబం. ఆకులు పక్కపక్కన పెట్టి చూడండి, పూల మధ్య రోకలిలా నిలిచే కేసరం చూడండి, పోలిక తెలుస్తుంది. ఒకే కుటుంబం కాబట్టి ఒకదాన్ని తినేవి రెండోదాన్నీ తింటాయి. మా పెరటి గుమ్మం పక్కన ఎర్ర ముద్ద మందారం ఉంది, ఇరవై ఏళ్ళది, రోజూ దేవుడికి పదిహేను పూలు ఇస్తుంది. దాని పక్కన రెండు మళ్ళ బెండ వేశాను. మార్చిలో మందారం కొమ్మల చివర్లలో పిండి చల్లినట్టు పిండినల్లి పట్టింది. ఏప్రిల్‌కు బెండ తలలన్నీ తెల్లబడ్డాయి. చీమలే కూలీల్లా వాటిని మోసుకెళ్ళాయి, పిండినల్లి విసర్జించే తీపి కోసం అవి దాన్ని పశువుల్లా మేపుకుంటాయి.

మందారం కొట్టేద్దామన్నాను. ‘ఏమండీ, బెండకాయలు సంతలో దొరుకుతాయి, ఇరవై ఏళ్ళ మందారం దొరుకుతుందా’ అంది మా ఆవిడ. బెండే సీటు మారింది. ఇప్పుడది పెరటికి ఆ చివర ఉంది, మధ్యలో రెండు వరుసల మొక్కజొన్న అడ్డంగా వేస్తాను, గాలిలో వచ్చే తెల్లదోమకు అది కొంత తడిక. మందారానికి పిండినల్లి కనబడితే ఆ కొమ్మ చివరలు కత్తిరించి, మిగిలినదాన్ని నీళ్ళ గొట్టంతో గట్టిగా కడుగుతాను. మొదలు చుట్టూ చీమల బారు లేకుండా చూసుకుంటే సగం పని అయినట్టే.

పందిరి పూలు ఎప్పుడు విచ్చుకుంటాయో చూడండి

కాకర, గుమ్మడి, దోస పొద్దున పూస్తాయి, వాటికి తేనెటీగలు చాలు. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆనప, పొట్ల పొద్దు వాలాక తెల్లగా విప్పుతాయి, వాటి దగ్గరికి వచ్చేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. ఆనప పిందెలు వేలెడంత అయ్యి పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయంటే చాలాసార్లు ఎరువు లోపం కాదు, పుప్పొడి అందలేదు. పందిరి గుంజల మొదట్లో చంద్రకాంత వేసుకోండి. సాయంత్రం నాలుగైదు గంటలకు విచ్చుకుని చీకట్లో వాసన వేస్తుంది, రాత్రి పురుగులకు దారి చూపిస్తుంది. సన్నజాజి తీగ దగ్గర్లో ఉన్నా మంచిదే, పందిరి మీదికి మాత్రం ఎక్కనివ్వకండి.

అవి రాకపోతే మన చేతి పని ఉంది. ఆడ పువ్వు కింద గోరంత ఆనపకాయ ఉంటుంది, మగ పువ్వుకు సన్న కాడే ఉంటుంది. సాయంత్రం ఆరున్నర, ఏడు గంటల వేళ అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, మధ్య కాడను ఆడ పువ్వు మధ్యలో మూడు వైపులా మెల్లగా రాయండి. ఒక మగ పువ్వు మూడు ఆడ పూలకు వస్తుంది. మూడో రోజుకు పిందె కాడ లావెక్కితే నిలిచినట్టు.

పందిరి నీడ వృథా పోనివ్వకండి. కింద కంద, చేమ, పసుపు పెట్టుకోవచ్చు. కంద దుంప ఉంటే పక్కన బచ్చలి తీగ ఎలాగూ ఉంటుంది, కోనసీమలో ఆ రెండింటినీ విడదీసి పెంచేవాణ్ణి నేను చూడలేదు. అంచున కనకాంబరం. అరనీడకు అదే బాగా ఒప్పుతుంది. దాని ఎండు కాయ తడి తగిలితే చిటపటమని పేలి గింజలు ఎగరేస్తుంది, కాబట్టి వాన రాక ముందే గింజలు ఏరుకోండి. కనకాంబరానికి వేళ్ళకు ముడులు కట్టించే నులిపురుగు తేలిగ్గా పడుతుంది, టమాటా, వంగ వేసిన మడిలో మరుసటి ఏడాది దాన్ని పెట్టకండి.

చేమంతికి చీకటి కావాలి

చేమంతి మూడేళ్ళు మాకు నవంబరు చివర మొగ్గ తొడిగి జనవరి దాకా పూసింది. నాలుగో ఏడాది మా ప్రహరీ పక్కన వీధి స్తంభానికి తెల్లటి కొత్త దీపం పెట్టారు, పెరట్లో రాత్రి సూదిలో దారం ఎక్కించేంత వెలుగు. ఆ ఏడాది గోడ పక్క చేమంతి మొక్కలు మోకాలెత్తు ఏపుగా పెరిగి, ఆకు మీద ఆకు వేసి, ఒక్క మొగ్గ కూడా తొడగలేదు. ఎరువు తగ్గించాను, నీళ్ళు తగ్గించాను. చివరికి చూస్తే నీళ్ళ తొట్టి వెనక, దీపం వెలుగు పడని చోట ఉన్న నాలుగు మొక్కలు మాత్రం విరగబూశాయి. రాత్రి పొడుగైందని తెలిస్తేనే చేమంతికి పూత బుద్ధి పుడుతుంది. రాత్రంతా దీపం వెలిగితే దానికి కార్తికమాసం వచ్చినట్టే తెలియదు. వరండా దీపానికీ ఇదే లెక్క. ఇప్పుడు చేమంతి మడిని ఇంటి నీడకు, దీపం కనబడని వైపుకు మార్చాం. అక్కడ పగలు ఎండ ఉంటుంది, రాత్రి చీకటి ఉంటుంది.

చేమంతిని మిరప పక్కన పెట్టకండి, రసం పీల్చే తామర పురుగు రెండింటికీ ఉమ్మడి చుట్టం. నేను క్యాబేజీ పక్కన పెడతాను. క్యాబేజీకి అసలు కాపలా ఆవ మొక్క. క్యాబేజీ నారు నాటడానికి పదిహేను రోజుల ముందు మడి అంచున ఒక వరుస ఆవాలు చల్లండి, నాటిన పాతిక రోజులకు రెండో వరుస. క్యాబేజీని జల్లెడ చేసే పురుగు ముందు ఆవ మీదికి పోతుంది. పురుగు పట్టిన మొక్కలు పీకేయండి, మిగిలినవి పసుపు పూలు పూసి తేనెటీగలను పిలుస్తాయి. ఆవ లేకుండా గోదావరి వంటిల్లు ఎలాగూ నడవదు.

మందుల గురించి తక్కువే చెబుతాను. లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త సబ్బు నీళ్ళు. తేనెటీగలు ఇళ్ళకు వెళ్ళాక, సాయంత్రం, ఆకు అడుగున తగిలేలా కొట్టాలి. విచ్చుకున్న పువ్వు మీద ఏదీ కొట్టకూడదు. మా ఇంట్లో దీనికి వేరే కారణం కూడా ఉంది, మందు వాసన వేసే పువ్వు పూజ గదిలోకి రాదు.

మొక్కలు కొనేటప్పుడు

రాజమండ్రి రూటులో కడియపులంక నర్సరీలను బస్సు కిటికీలోంచి వేల సార్లు చూశాను. దిగి కొనడం మొదలుపెట్టాక మాత్రం మూడు తప్పులు చేశాను. విరగబూసిన మొక్క కొనుక్కొచ్చాను. అది సంచిలోనే వయసంతా గడిపేసింది, ఇంటికొచ్చి పదిరోజుల్లో ముసలిదైంది. పువ్వు లేని, మొగ్గ ఇంకా రాని గుబురు మొక్క అడగండి. రెండోది, ఆకు తిప్పి చూడలేదు. తెల్లదోమ ఎప్పుడూ ఆకు అడుగునే టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేస్తుంది. మూడోది, తెచ్చిన రోజే తోటలో నాటాను. ఇప్పుడు కొత్త మొక్క ఏదైనా పది రోజులు బావి గట్టు దగ్గర విడిగా ఉండాల్సిందే. ఆ పది రోజుల్లో పురుగేదైనా ఉంటే బయటపడుతుంది.

వేసవిలో కాలువలు కట్టేశాక తోటను కుదించుకోండి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, మల్లె, అంతే. మిగతా మళ్ళను ఆ రెండు నెలలూ కొబ్బరి డొక్కలతో సిద్ధం చేస్తాను. ఒక మూర లోతు తీసి, డొక్కలను గుంట భాగం పైకి ఉండేలా వరసగా పేర్చి, మట్టి కప్పాలి. బోర్లిస్తే నీళ్ళు జారిపోతాయి, వెల్లకిలా పెడితే ఒక్కో డొక్క ఒక్కో చిప్పలా తడిని పట్టి ఉంచుతుంది.

ఫిబ్రవరిలో టమాటా పీకేటప్పుడు వేళ్ళు కడిగి చూడండి. సన్న వేళ్ళకు శనగగింజల్లా ముడులు ఉంటే ఆ మడిలో నులిపురుగు ఉంది. అలాంటి మడికి ఒక సీజను మొత్తం బంతి ఒక్కటే, దగ్గర దగ్గరగా, అయిదు మొక్కల లెక్క లేకుండా. బంతి వేళ్ళ నుంచి వచ్చే పదార్థం ఆ పురుగును అణుస్తుంది, అంచున అక్కడక్కడ వేసిన బంతి ఈ పనికి చాలదు. పూత అయ్యాక మొక్కలను ముక్కలు చేసి అదే మడిలో కలిపేయాలి. ఈసారి మా మూడో మడిలో ముడులు కనబడ్డాయి. పుస్తకంలో సెప్టెంబరు 10 దగ్గర ‘మడి 3, బంతి, 40 మొక్కలు’ అని రాసుకున్నాను. మా ఆవిడ ఆ పేజీ చూసి, ఈ సంక్రాంతికి మన గొబ్బెమ్మలకే కాకుండా వీధిలో ఎవరెవరి వాకిళ్ళకు పూలు పంపాలో అప్పుడే లెక్క కట్టడం మొదలుపెట్టింది.